పడవల డిజైన్ తూకంతో మొదలవుతుంది

ప్రశ్న: నా వయసు 26. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, మూడేళ్లుగా ఒక సంస్థలో యంత్రభాగాల డ్రాయింగులు వేస్తున్నాను. చిన్నప్పటి నుంచి పడవలంటే ప్రాణం. రాత్రిపూట కంప్యూటర్‌లో పడవల త్రీడీ నమూనాలు తయారుచేస్తుంటాను. వాటిలో ఒకటైన 14 మీటర్ల మోటార్ యాట్ బొమ్మలను ఈ ఉత్తరానికి జతచేశాను. పడవల డిజైన్‌నే వృత్తిగా తీసుకోవాలని ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? ఉద్యోగం మానేసి మళ్లీ చదువులో చేరాలా? ఈ వయసులో మొదలుపెడితే ఆలస్యమవుతుందా? — ఒక పాఠకుడు

సమాధానం: మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. ఆలస్యమేమీ కాలేదు. పడవల డిజైన్ చరిత్రలో అగ్రగణ్యుల్లో ఒకరైన నెథానియల్ హెరెషాఫ్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మూడేళ్లు చదివి, తొమ్మిదేళ్లపాటు కార్లిస్ ఆవిరియంత్రాల కంపెనీలో పనిచేసి, 1878లో, అంటే తన 30వ ఏట, అన్న జాన్‌తో కలిసి పడవల కంపెనీ పెట్టాడు. జాన్‌కు చూపు లేదు. తమ్ముడు కొయ్యతో చెక్కిన సగం నమూనాను చేతులతో తడిమి పడవ ఆకారాన్ని అంచనా వేసేవాడు. 1893 నుంచి 1920 వరకు తెరచాప పడవల పోటీ అమెరికాస్ కప్‌ను అమెరికాకే నిలబెట్టిన పడవలన్నీ నెథానియల్ గీసినవే. యంత్రాల దగ్గర గడిపిన ఏళ్లు ఆయనకు వృథా పోలేదు, మీకూ పోవు. కొలతకు విలువ ఇవ్వడం, డ్రాయింగును మరొకరు చూసి వస్తువు తయారుచేయగలిగేలా వేయడం మీకు ఇప్పటికే వచ్చు. ఈ వృత్తిలోకి వచ్చే చాలామందికి మొదట లోపించేవి ఆ రెండే.

ఇక మీ బొమ్మల సంగతి. వాటిని ఒకటికి నాలుగుసార్లు చూశాను. గీతలో ఒడుపు ఉంది, అద్దాల వంపులో అభిరుచి కనిపిస్తోంది. అయితే ఏడు బొమ్మల్లో ఒక్కదానిలోనూ నీటిరేఖ లేదు. పడవ ఎంత లోతు మునుగుతుందో, ఇంజన్లు ఎక్కడ కూర్చుంటాయో, ఇంధనం ట్యాంకు ఎంతదో, మొత్తం బరువు ఎన్ని టన్నులో ఎక్కడా రాసి లేదు. దీన్ని మీ తప్పుగా ఎత్తిచూపడం నా ఉద్దేశం కాదు. సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఇలాగే జరుగుతుంది, ఎందుకంటే తెరమీద ఆకారానికి బరువు ఉండదు. నీళ్లలోని పడవకు మొట్టమొదట ఉండేది బరువే. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలన్న ప్రశ్నను కాసేపు పక్కనపెట్టి, మీరు ముందుగా బరువుల లెక్క నేర్చుకోవాలని నా సలహా. తక్కిన శాస్త్రమంతా దానిమీదనే నిలబడుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న ఒక పెట్టెలాంటి పడవను ఊహించుకోండి. నీటి మట్టం దగ్గర దాని వైశాల్యం 4.8 చదరపు మీటర్లు. అది ఒక్క సెంటీమీటరు కిందికి దిగాలంటే 48 లీటర్ల నీటిని పక్కకు నెట్టాలి, అంటే మంచినీటిలో 48 కిలోల బరువు ఎక్కాలి. ఉప్పునీరు కొంచెం చిక్కన కాబట్టి సముద్రంలో దాదాపు 49 కిలోలు. పడవ 60 కిలోలు, అందులో ఇద్దరు మనుషులు 140 కిలోలు అనుకుంటే 4 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువగా మునుగుతుంది. మూడో మనిషి ఎక్కితే ఇంకో సెంటీమీటరున్నర. ఇదంతా ఆర్కిమెడిస్ సూత్రమే, బడిలో చదువుకున్నదే. కానీ ఒక పడవను చూడగానే 'దీనికి సెంటీమీటరుకు ఎన్ని కిలోలు' అన్న అంచనా మనసులో మెదిలే స్థితికి మీరు చేరాలి. ఆ స్థితికి వచ్చినవారికి పడవ బొమ్మగా కనిపించడం మానేసి, నీటితో లెక్క కుదుర్చుకున్న వస్తువుగా కనిపిస్తుంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవమే కారణం. నేను స్వతంత్రంగా గీసిన తొలి పడవ 5 మీటర్ల ఫైబర్‌గ్లాస్ మరపడవ. పూర్తి సరంజామాతో 640 కిలోలు తూగుతుందని లెక్కవేశాను. దాని ప్రకారమే నీటిరేఖ గుర్తించి, అడుగున రంగు వేయించాము. నీళ్లలోకి దించిన రోజు వెనుకభాగం నేను గీసిన గీతకంటే 7 సెంటీమీటర్లు కిందికి దిగింది, ముందుభాగం 1 సెంటీమీటరు పైకి లేచింది. రంగు గీత వెనుకవైపు పూర్తిగా నీటిలో మునిగిపోయి, ముందువైపు మాత్రం ఏటవాలుగా బయటికి కనబడుతూ ఉండటం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. ఆ పడవకు సెంటీమీటరుకు 60 కిలోల లెక్క. సగటున 3 సెంటీమీటర్లు మునిగిందంటే 180 కిలోలు అదనంగా ఉన్నాయన్నమాట. తూకం వేయించి చూస్తే సరిగ్గా 820 దగ్గర తేలింది.

ఆ 180 కిలోలు ఎక్కడినుంచి వచ్చాయో వెతకడానికి రెండు వారాలు పట్టింది. గాజు మ్యాట్‌ను చేతితో పరిచి రెసిన్ పూసే పద్ధతిలో, పని చక్కగా జరిగినా కిలో మ్యాట్‌కు రెండు కిలోలకు పైగా రెసిన్ పడుతుంది. మా పనివారు మరికాస్త ధారాళంగా పోశారు, అక్కడ 70 కిలోలు. నేను అనుకున్నదానికంటే పెద్ద ఇంజన్ కావాలని యజమాని అడిగితే, బరువు పట్టికను మళ్లీ తెరవకుండానే సరే అన్నాను, అది 35. రెండో బ్యాటరీ 25. మిగిలిన 50 కిలోలూ బోల్టులు, వైర్లు, రంగు, లంగరు, తాళ్లు, సీట్ల కింద నింపిన నురుగు. ఇవన్నీ ఒక్కొక్కటిగా చూస్తే లెక్కలోకి రావనిపించేవే. పైగా వీటిలో బరువైనవి ఎక్కువ భాగం వెనుకవైపే చేరాయి. ఆ యజమాని మంచి మనిషి కాబట్టి ట్యాంకును ముందుకు జరిపించుకుని పడవను వాడుకున్నాడు. నాకు మాత్రం ఆ తర్వాత బరువు పట్టిక పూర్తికాకుండా ఆకారం గీయబుద్ధి కాలేదు.

బరువు పట్టిక అంటే ఏమిటో కూడా చెప్పాలి. పడవలో ఉండే ప్రతి వస్తువుకూ ఒక వరుస. ఆ వస్తువు బరువెంత, పడవ వెనుక అంచునుంచి ఎంత దూరంలో ఉంది, అడుగునుంచి ఎంత ఎత్తులో ఉంది, మధ్యగీతకు ఏ పక్కన ఎంత ఎడంగా ఉంది. బరువును ఆ దూరాలతో గుణించి, మొత్తాలను మొత్తం బరువుతో భాగిస్తే పడవ గరిమనాభి దొరుకుతుంది. ఆ గరిమనాభికి సరిగ్గా కింద ఉత్ప్లవన కేంద్రం, అంటే నీటిలో మునిగిన భాగపు నడిమి బిందువు, వచ్చేలా ఆకారాన్ని మలచగలిగితే పడవ అనుకున్న గీతమీద తేలుతుంది. మర్చిపోయినవాటికోసం చివర కొంత అదనపు బరువు కలపడం అందరూ చేసేదే. అది ఎంత కలపాలన్నది అనుభవం నేర్పుతుంది. మొదటి పడవకు ధారాళంగానే కలపండి.

పడవ తేలితే సరిపోదు, పక్కకు ఒరిగినప్పుడు తిరిగి నిలబడాలి కూడా. 1628 ఆగస్టు 10న స్వీడన్ రాజు యుద్ధనౌక వాసా స్టాక్‌హోమ్ రేవులో తొలి ప్రయాణం మొదలుపెట్టి, సుమారు 1,300 మీటర్లు వెళ్లి, ఒక మోస్తరు గాలికే ఒరిగి మునిగిపోయింది. అంతకుముందే రేవులో 30 మంది మనుషులను డెక్‌మీద ఆ పక్కనుంచి ఈ పక్కకు పరుగెత్తించి పరీక్షిస్తే, ఓడ ప్రమాదకరంగా ఊగడంతో పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అంటే లోపం కంటికి కనబడింది. దాన్ని ముందుగా కాగితంమీద పట్టుకునే లెక్క మాత్రం అప్పటికి లేదు. ఓడ కొద్దిగా ఒరిగినప్పుడు నీటి తోపుడు నిలువు గీతా, ఓడ మధ్యగీతా కలిసే బిందువును మెటాసెంటర్ అంటారు. అది గరిమనాభికి పైన ఉంటేనే ఓడ తిరిగి నిలబడుతుందని ఫ్రాన్స్‌కు చెందిన పియర్ బూగే 1746లో వివరించాడు. ఆ రోజునుంచి ఓడ కట్టకముందే దాని నిలకడ చెప్పడం సాధ్యమయింది. ఇవాళ ఒక అరగంట లెక్కతో తేలే విషయం తెలియక అంత ఓడ పోయిందని తలచుకున్నప్పుడల్లా, ఆ లెక్క తెలిసీ చేయనివారి బాధ్యత ఎంత పెద్దదో నాకు తడుతుంది.

ఆ లెక్కలో మీరు ముందుగా జీర్ణించుకోవలసింది వెడల్పు ప్రభావం. ఆకారంవల్ల వచ్చే నిలకడ వెడల్పు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. అందువల్ల బరువు మారకుండా వెడల్పు 10 శాతం పెంచితే ఆ నిలకడ మూడో వంతు పెరుగుతుంది. ఎత్తున పెట్టిన ప్రతి కిలో దాన్ని తగ్గిస్తుంది. చిన్న పడవలో కూర్చున్న మనిషి లేచి నిలబడగానే పడవ బెదిరినట్టు ఊగేది అందుకే. మీ 14 మీటర్ల యాట్‌లో పైకప్పుమీద నీళ్లతొట్టి గీశారు. తొట్టిలో సగం నింపిన నీళ్లు ఒక పక్కకు పారినప్పుడు ఏమవుతుందో లెక్క వేసి చూడండి. ఆ తొట్టిని మీరే తీసేస్తారు.

కట్టిన పడవమీద ఈ లెక్కను సరిచూసుకునే ఒక పరీక్ష ఉంది. వీలు దొరికితే ఎవరైనా చేస్తున్నప్పుడు దగ్గరుండి చూడండి. గాలిలేని పొద్దున, నిలకడైన నీటిలో, తాళ్లు వదులుచేసి, పడవలో ఒక తూకపుగుండును దారంతో వేలాడదీస్తారు. గుండు ఊగకుండా దాని కొసను నూనె ఉన్న బకెట్‌లో ముంచుతారు. తర్వాత తెలిసిన బరువును ఒక పక్కనుంచి రెండో పక్కకు జరుపుతారు. ఉదాహరణకు 800 కిలోల పడవలో 20 కిలోలను 1 మీటరు జరిపితే, 1 మీటరు పొడవున్న దారం 25 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి. 20ని 1తో గుణించి, 800ను 0.025తో గుణించగా వచ్చిన 20తో భాగిస్తే గరిమనాభినుంచి మెటాసెంటర్ ఎత్తు 1 మీటరు అని తేలుతుంది. అందరూ ఊపిరి బిగపట్టి కదలకుండా నిలబడి, ఒక్కడు మాత్రం వంగి స్కేలుమీద మిల్లీమీటర్లు చదివే ఆ క్షణంలో ఈ శాస్త్రమంతా ఒక దారంమీద నిలిచి ఉంటుంది.

వేగం గురించి కొత్తవారు ఎక్కువగా ఆలోచిస్తారు, నేను క్లుప్తంగా ముగిస్తాను. నీటిని చీల్చుకుంటూ పోయే పడవ తాను లేపిన అలలోనే చిక్కుకుంటుంది. నాట్లలో (నాటు అంటే గంటకు ఒక సముద్రపు మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు) దాని సుమారు హద్దు, నీటిరేఖ పొడవును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 2.43తో గుణిస్తే వస్తుంది. 6 మీటర్లకు దాదాపు 6 నాట్లు, 9 మీటర్లకు 7.3 నాట్లు. అది దాటాలంటే నీటిపైకి లేచి జారే ఆకారం, తక్కువ బరువు, ఎక్కువ శక్తి కావాలి. మళ్లీ బరువు దగ్గరికే వచ్చాము. విలియం ఫ్రూడ్ 1870 దశకం మొదట్లో ఇంగ్లండ్‌లోని టార్కీలో నమూనాలను లాగి పరీక్షించే తొట్టి కట్టి, చిన్న నమూనా ఫలితాలను పెద్ద ఓడకు ఎలా అన్వయించాలో నిరూపించాడు. నాలుగో వంతు నమూనాను సగం వేగంతో లాగితే అలల తీరు అసలు పడవ అలల తీరులాగే ఉంటుంది. నీటి రాపిడిని మాత్రం ఈ నియమం పట్టదు కాబట్టి దాన్ని వేరుగా లెక్కించాలి. నమూనా బరువు అసలులో 64వ వంతు ఉండాలన్నది కూడా మర్చిపోకండి.

ఇప్పుడు గీతల సంగతి. పడవ ఆకారాన్ని మూడు వైపులనుంచి కోతలు కోసి చూపే డ్రాయింగును లైన్స్ ప్లాన్ అంటారు. ఒకే బిందువు మూడు చిత్రాల్లోనూ ఒకే కొలత చూపాలి, అదే సమయంలో ప్రతి గీతా ఎగుడుదిగుడు లేకుండా సాఫీగా పారాలి. మొదటి రెండు పడవలకైనా దీన్ని చేతితో గీయండి. పలచని బద్దను కాగితంమీద సీసపు బరువులతో నిలిపి, చెంప దాదాపు బల్లకు ఆనేటట్టు వంగి, ఒక కన్ను మూసి బద్ద వెంట చూడండి. ఎదురుగా నిలబడి చూస్తే కనబడని చిన్న గూని ఆ చూపుకు వెంటనే దొరుకుతుంది. ఆ దగ్గర ఒక బరువును ఎత్తితే బద్ద తనంతట తాను ఒక మిల్లీమీటరు జరిగి సర్దుకుంటుంది. బద్ద ఎక్కడికి పోవాలనుకుంటోందో చూసి, మీ కొలతను దానికి అనుగుణంగా మార్చుకోవడమే ఈ పనిలోని నేర్పు. సాఫ్ట్‌వేర్‌లో వంపును సరిచేసేటప్పుడు తెరమీది బిందువులు సాఫీదనాన్ని సూచిస్తాయి గానీ, ఏది సాఫీయో గుర్తుపట్టే కన్ను ఇక్కడే తయారవుతుంది. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ తప్పకుండా నేర్చుకోండి. ఆకారానికి రైనో, నిలకడ లెక్కలకు మాక్స్‌సర్ఫ్ చాలా కార్యాలయాల్లో వాడుకలో ఉన్నాయి. ఇంట్లో సాధనకు డెల్ఫ్ట్‌షిప్ ఉచిత రూపం చాలు. త్రీడీ అలవాటున్న మీకు ఇది నెలల పనే తప్ప ఏళ్ల పని కాదు.

గీసిన తర్వాత ఒక పడవను మీ చేతులతో కట్టండి. 14 మీటర్ల యాట్ వద్దు. 3.5 లేదా 4 మీటర్ల తెడ్లపడవ, ప్లైవుడ్‌తో, అంచులను తీగతో కుట్టి ఎపాక్సీతో అతికే పద్ధతిలో కట్టగలిగేది చాలు. ప్లైవుడ్ ఒక దిశలోనే చక్కగా వంగుతుంది, ఒకేచోట రెండు దిశల్లో వంగదు. ఈ ఒక్క సంగతి మీ డ్రాయింగును ఎన్నిసార్లు వెనక్కి పంపుతుందో చూస్తారు. మీరు గీసిన మూలలోకి చేయి పట్టక, స్పానర్ తిరగక ఇబ్బంది పడినప్పుడు ఇకమీదట ప్రతి బోల్టుకూ చేయి దారి గీయడం అలవాటవుతుంది. పూర్తయ్యాక ఆ పడవను తూకం వేసి మీ పట్టికతో పోల్చండి, నీళ్లలోకి దించి మునిగిన లోతు నాలుగుచోట్ల కొలవండి, పైన చెప్పిన గుండు పరీక్ష చేయండి, తేడాలన్నీ కారణాలతో సహా రాసిపెట్టుకోండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు మీ మెరిసే బొమ్మలకంటే ఆ తేడాల పట్టికకే ఎక్కువ విలువ ఉంటుంది. నా కార్యాలయానికి వచ్చే దరఖాస్తుల్లో బొమ్మలు కుప్పలుగా ఉంటాయి. 'అంచనా ఇంత, వచ్చింది ఇంత, ఇందుకు కారణం ఇది' అని రాసినవి రెండో మూడో కనబడతాయి, నేను ముందుగా పిలిచేది వారినే.

చదువు గురించి నా అభిప్రాయం ఇది. మీకు ఇంజనీరింగ్ పునాది ఉంది కాబట్టి మళ్లీ నాలుగేళ్ల డిగ్రీ అవసరం లేదు. ఓడలు, చిన్న పడవల ఇంజనీరింగ్‌లో పీజీ చేసే స్తోమత, వీలు ఉంటే బ్రిటన్‌లోని సౌతాంప్టన్, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాలకు ఈ రంగంలో గట్టి పేరుంది, అక్కడి పరీక్షా తొట్లు, పరిచయాలు జీవితాంతం ఉపయోగపడతాయి. ఉద్యోగం చేస్తూనే చదవాలంటే దూరవిద్య ఉంది. 1930లో మొదలైన అమెరికా సంస్థ వెస్ట్‌లాన్ ఆ దారిలో ఎందరో డిజైనర్లను తయారుచేసింది. ఎందులోనైనా చేరేముందు పాఠ్యప్రణాళికలో నిలకడ, నిర్మాణ బలం, బరువుల లెక్కలకు ఎంత చోటిచ్చారో చూడండి. బొమ్మలు వేయడమే ఎక్కువగా నేర్పే కోర్సుకు డబ్బు పోయకండి, ఆ పని మీకు వచ్చేసింది. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానవద్దు. మొదటి పడవ పూర్తయి, తూకం వేసిన తర్వాత కూడా ఈ పనిమీద మీ ఇష్టం తగ్గకపోతే అప్పుడు ఆలోచించండి.

ఉద్యోగాలు ఎక్కడ ఉంటాయన్నది మీరు అడగలేదు గానీ, అడగవలసిన ప్రశ్న అదే. యాట్‌ల బాహ్యరూపం దిద్దే స్టైలిస్టులు వేరు, పడవ తేలడానికి, నిలబడటానికి, విరగకుండా ఉండటానికి జవాబుదారీ వహించే నేవల్ ఆర్కిటెక్టులు వేరు. మొదటి వర్గంలో చోట్లు కొద్ది, పోటీ విపరీతం. రెండో వర్గానికి పని నిరంతరం ఉంటుంది. చేపల పడవలు, ప్రయాణికుల ఫెర్రీలు, గస్తీ పడవలు, రేవుకు వచ్చే ఓడలకు దారిచూపేవారిని చేరవేసే పైలట్ పడవలు, రేవుల్లో పనిచేసే టగ్గులు అన్నీ ఎవరో ఒకరు గీయవలసినవే. వాటి గురించి పత్రికల్లో బొమ్మలు రావు, కానీ పొట్టకూటికోసం రోజూ నీళ్లమీదికి వెళ్లేవారి ప్రాణాలు వాటిమీదే ఆధారపడి ఉంటాయి. అలాంటి పడవ గీయడంకంటే గౌరవప్రదమైన పని ఈ వృత్తిలో నాకు కనబడలేదు. మొదటి రెండేళ్లు మీకు ఇచ్చేది బరువు పట్టికలు, పైపుల డ్రాయింగులు, ఇంజన్ దిమ్మెల వివరాలు కావచ్చు. మెకానికల్ ఇంజనీరుగా ఇంజన్, షాఫ్టు, చుక్కాని యంత్రాంగం మీకు తొందరగా పట్టుబడతాయి. ఆ ద్వారంగుండానే లోపలికి రండి. డిజైన్ కార్యాలయంలో చోటు దొరకకపోతే పడవలు కట్టే యార్డులో డ్రాయింగుల విభాగమైనా సరే, ఇంకా మంచిది కూడా, ఎందుకంటే మీ గీత తప్పయితే కట్టేవాడు సాయంత్రంలోగా వచ్చి చెబుతాడు.

ప్రమాణాలతో పరిచయం కూడా ఇప్పటినుంచే పెంచుకోండి. చిన్న పడవల నిలకడకు ఐఎస్ఓ 12217, నిర్మాణ బలానికి ఐఎస్ఓ 12215 అంతర్జాతీయంగా వాడుకలో ఉన్నాయి. ఐరోపాలో 2.5 నుంచి 24 మీటర్ల విహార పడవలను ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులుగా విభజించారు. ఉదాహరణకు సి తరగతి పడవ, గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ కొలమానంలో 6 స్థాయి గాలికి, 2 మీటర్ల అలలకు తట్టుకోవాలి. డి తరగతిది బోఫోర్ట్ 4కు, 0.3 మీటర్ల అలలకు తట్టుకుంటే చాలు. మీరు గీసే ప్రతి పడవకూ మొదటి కాగితంమీదే అది ఏ నీళ్లకు, ఎంతమందికి, ఎంత సరుకుకు అన్నది రాసుకోండి. సొంతంగా డిజైన్లు అమ్మాలన్న తొందర మాత్రం వద్దు. మనుషులను ఎక్కించుకునే పడవ ఏదైనా సరే, కొన్నేళ్లపాటు మీ లెక్కలను ఒక అనుభవజ్ఞుడు సరిచూసిన తర్వాతే యార్డుకు వెళ్లాలి.

ఈ వారం చేయవలసిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. మీ 14 మీటర్ల యాట్‌నే తీసుకోండి. కొత్తగా ఏమీ గీయకుండా, అందులో కనిపించే ప్రతి వస్తువునూ పట్టికలో రాయండి. ఇంజన్లు, ట్యాంకులు, అద్దాలు, సీట్లు, మనుషులు, వారి సామాను ఏదీ వదలవద్దు. తయారీదారులు ప్రకటించే బరువులు చాలావరకు దొరుకుతాయి. మొత్తం టన్నులు తేలాక, ఆ బరువుకు పడవ ఎక్కడివరకు మునుగుతుందో లెక్కవేసి మీ బొమ్మమీద నీటిరేఖ గీయండి. పక్క కిటికీలు ఆ గీతకు ఎంత పైన ఉన్నాయో కొలవండి. ఆ పట్టికను, గీత గీసిన బొమ్మను నాకు పంపితే వరుస వరుసా చదివి, ఎక్కడ ఏది మర్చిపోయారో రాస్తాను.